వచ్చేది బాడుగా, మన డబ్బేనా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నమస్తే అండీ. హైస్కూల్లో లెక్కల టీచరుగా పని చేసి రిటైరయ్యాను, అనంతపురంలో ఉంటాం. పెన్షన్ వస్తుంది. రిటైర్మెంట్ డబ్బుల్లో ఇంటి అప్పు తీర్చాక 30 లక్షలు మిగిలింది. ఆర్టీసీ బస్టాండుకి దగ్గర్లో ఒక అంగడి గది 28 లక్షలకు వస్తోంది, బాడుగ నెలకు 7,500. మావాడు బెంగళూరులో మాన్యత టెక్ పార్కులో ఉద్యోగం చేస్తాడు. వాడేమో గది వద్దు నాన్నా, రీట్లు కొనుక్కో, మా ఆఫీసు బాడుగే నీకొస్తుంది, ఎఫ్‌డీ లాంటిదే అంటున్నాడు. మా ఇద్దరి జీవితకాలం ఆదాయం రావాలన్నదే నా ఆలోచన. రీట్‌లో ఏం చూసి కొనాలి? – ఒక రిటైర్డ్ టీచర్, అనంతపురం

జవాబు: సార్, మీవాడు చెప్పినదాంట్లో ఒక మాట నిజం, ఒక మాట కాదు. రీట్ (రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్ట్) అంటే చాలామంది డబ్బు కలిపి పెద్ద భవనాల్లో పెట్టి, వచ్చే బాడుగని పంచే ట్రస్టు, అందులో మన వాటాలనే యూనిట్లు అంటారు. ఆఫీసు బాడుగ మీకొస్తుందన్నది నిజం. మాన్యత పార్కు ఎంబసీ ఆఫీస్ పార్క్స్ రీట్‌లో ఉంది, మన దేశంలో 2019 ఏప్రిల్‌లో లిస్టయిన మొట్టమొదటి రీట్ అదే. మీ అబ్బాయి కంపెనీ కట్టే బాడుగలో ఖర్చులు, అప్పుల వడ్డీలు పోగా మిగిలింది యూనిట్లు ఉన్నవాళ్ళకి పంచుతారు. ఎఫ్‌డీ లాంటిదన్న మాట మాత్రం ఈరోజే మనసులోంచి తీసేయండి. ఎఫ్‌డీలో అసలు కదలదు, వడ్డీ ముందే రాసిచ్చేస్తారు. రీట్‌లో రెండూ కదులుతాయి. ఇది బాడుగ వ్యాపారం సార్, షేర్ మార్కెట్లో రోజూ ధర కట్టే బాడుగ వ్యాపారం.

ముందు మీ గది లెక్క చూద్దాం, మీరు లెక్కల మాస్టారు కాబట్టి నాకంటే త్వరగా వేసేస్తారు. నెలకు 7,500 అంటే ఏడాదికి 90 వేలు, 28 లక్షల మీద మూడు శాతం పైచిలుకు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి మన రాష్ట్రంలో సుమారు ఏడున్నర శాతం, అంటే రెండు లక్షల పైన, అది రెండేళ్ళ బాడుగ కంటే ఎక్కువ. ఖాళీ నెలలు వేరే. కడపలో మా నాన్నగారికి రెండు అంగడి గదులుండేవి. ఒకదాంట్లో జిరాక్స్ అంగడి అతను పదకొండేళ్ళు ఉండి ఖాళీ చేసి వెళ్ళాక టు-లెట్ బోర్డు ఏడు నెలలు వేలాడింది. ఆ ఏడు నెలల్లో షట్టర్ తుప్పు పట్టి, పైకి లేపాలంటే ఇద్దరు పట్టాల్సి వచ్చేది, కరెంటు మీటరు మినిమం బిల్లు మేమే కట్టాం. చివరికి పాత బాడుగకంటే తక్కువకి ఇచ్చాం. నాన్న దిగులంతా బాడుగ తగ్గినందుకు కాదు, ఆ ఒక్క గదినే నమ్ముకుని ఇంటిఖర్చు లెక్క వేసుకున్నందుకు. గదిలో మంచి కూడా ఉంది, బాడుగ ఆదాయంలో 30 శాతం మినహాయింపు వస్తుంది, మన కళ్ళ ముందు ఉంటుంది, రోజూ ధర చూసి టెన్షన్ పడక్కర్లేదు. కానీ 30 లక్షల్లో 28 లక్షలు ఒకే తలుపుకి కట్టేయడం మాత్రం నేను ఒప్పుకోను.

ఇక రీట్. షేర్ మార్కెట్‌ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ సెబీ 2014లో రూల్స్ పెట్టింది, వాటిలో మీకు పనికొచ్చేవి మూడు. ఆస్తుల విలువలో కనీసం 80 శాతం ఇప్పటికే కట్టి బాడుగ వస్తున్న భవనాల్లోనే ఉండాలి. పంచగలిగిన నగదులో కనీసం 90 శాతం పంచి తీరాలి. అప్పు ఆస్తుల విలువలో 49 శాతం దాటకూడదు. రూల్ ప్రకారం ఆరు నెలలకోసారి పంచితే చాలు, మన రీట్లు మూడు నెలలకోసారి పంచుతున్నాయి. ఎంబసీ తర్వాత 2020లో మైండ్‌స్పేస్, 2021లో బ్రూక్‌ఫీల్డ్ ఇండియా, 2023లో నెక్సస్ సెలెక్ట్, 2025లో నాలెడ్జ్ రియల్టీ వచ్చాయి. నెక్సస్ ఒక్కటి షాపింగ్ మాల్స్ ది, మిగతావి ప్రధానంగా ఆఫీసులవి. హైదరాబాద్ మాదాపూర్‌లో మైండ్‌స్పేస్ రోడ్డు మీద మీరెప్పుడైనా వెళ్ళి ఉంటే ఆ రీట్ ఆస్తి పక్కనుంచే వెళ్ళారు.

ఇప్పుడు అసలు విషయం. బ్రోకర్ యాప్‌లో "యీల్డ్ 6 శాతం" అని, అంటే యూనిట్ ధర మీద ఏడాదికి చేతికొచ్చేది అని ఒక అంకె కనిపిస్తుంది, అందరూ దాన్నే చూసి కొంటారు. ఆ అంకె మీద నాకు కోపం ఎందుకంటే అది మూడు రకాల డబ్బుని కలిపి ఒకటిగా చూపిస్తుంది. పంపిణీ వచ్చినప్పుడు రీట్ ఒక కాగితం ఇస్తుంది, ఈ మెయిల్‌కి వస్తుంది, దాన్ని తెరిచి చూడండి. ఉదాహరణకి మీరు 350 రూపాయలకి యూనిట్ కొన్నారు, ఒక త్రైమాసికానికి ఐదున్నర రూపాయలు వచ్చిందనుకోండి (అంకెలు నేను లెక్క కోసం వేసినవి). కాగితంలో అది ఇలా విడిపోయి ఉంటుంది: వడ్డీ రూపాయి ఇరవై పైసలు, డివిడెండ్ రెండు రూపాయల ముప్పై పైసలు, మిగిలిన రెండు రూపాయల ఎదురుగా "అప్పు తిరిగి చెల్లింపు" అని ఉంటుంది. చాలామంది ఈ మూడో లైను దగ్గరే ఆగిపోతారు, మనమెవరికి అప్పిచ్చాం అని.

ఇచ్చాం సార్. భవనాలు నేరుగా రీట్ పేరు మీద ఉండవు, ఒక్కో పార్కుకీ ఒక్కో కంపెనీ ఉంటుంది. మన దగ్గర తీసుకున్న డబ్బులో కొంత రీట్ ఆ కంపెనీలకి అప్పుగా ఇస్తుంది. కంపెనీ బాడుగ వసూలు చేసి, కొంత వడ్డీగా, కొంత అసలుగా రీట్‌కి కడుతుంది. ఆ అసలు మన చేతికి వచ్చినప్పుడు దాన్ని ఆదాయం అనరు, మనం పెట్టిన డబ్బులో కొంత మనకే వెనక్కి వచ్చినట్టు లెక్క. అందుకే దానిమీద ఇప్పుడు పన్ను ఉండదు, కానీ మీ కొన్న ధర ఆమేరకు తగ్గుతుంది. త్రైమాసికానికి రెండు రూపాయలంటే ఏడాదికి ఎనిమిది, ఐదేళ్ళకి నలభై, అంటే 350కి కొన్న యూనిట్ పన్ను లెక్కలో 310కి కొన్నట్టు అవుతుంది. అమ్మిన రోజు లాభం ఆ నలభై కూడా కలుపుకుని లెక్కేస్తారు. ఇలా తిరిగొచ్చిన మొత్తం ఆ యూనిట్‌ని రీట్ మొదట జారీ చేసిన ధరను కూడా దాటిపోతే, దాటిన భాగం మీద అప్పటికప్పుడు ఆదాయపు పన్ను పడుతుంది, 2023 బడ్జెట్‌లో వచ్చిన మార్పు అది.

ఈ మూడో లైను చూసి భయపడి రీట్ మొత్తం మోసమనుకునేవాళ్ళు ఉన్నారు, అదీ తప్పే. లైను పేరు పన్ను కోసం పెట్టింది. మీరు అడగాల్సింది ఆ రెండు రూపాయలు ఆ కంపెనీ జేబులోకి ఎక్కడి నుంచి వచ్చాయి అని. బాడుగలోంచి వస్తే మంచిదే, పేరేదైనా అది బాడుగే. బ్యాంకులో కొత్త అప్పు తెచ్చి, దాంతో రీట్ అప్పు తీర్చి, అదే మనకు పంచితే అది మన పొలం తాకట్టు పెట్టి మనకే పంట డబ్బు అని ఇవ్వడం లాంటిది. రెండింటికీ కాగితం మీద ఒకటే పేరు. తేడా కనుక్కోవడానికి రీట్ ఫలితాల్లో రెండు అంకెలు మూడేళ్ళవి పక్కపక్కన రాసుకోండి: నెట్ ఆపరేటింగ్ ఇన్‌కమ్, అంటే బాడుగలోంచి భవనం ఖర్చులు తీసేశాక మిగిలింది, ఆ తర్వాత మొత్తం అప్పు. కొత్త భవనం ఏదీ కొనకుండా, కట్టకుండా అప్పు మాత్రం ఏటా పెరుగుతూ, ఆదాయం అక్కడే ఉండి, పంపిణీ మాత్రం తగ్గకుండా వస్తోందంటే ఆ పంపిణీ ఎక్కువ కాలం నిలవదు.

ఇంకో చేదు విషయం, ఇది కూడా మీకు ఎవరూ చెప్పరు. ఎంబసీ రీట్ మొదట 300 రూపాయలకి వచ్చింది. 2023లో చాలా రోజులు ధర ఆ 300కి దగ్గర్లోనే తిరిగింది. పంపిణీ 2021 నుంచి 2024 వరకు నాలుగు ఆర్థిక సంవత్సరాలూ యూనిట్‌కి 21 రూపాయల పైచిలుకు దగ్గరే ఆగిపోయింది, ఆ తర్వాతి ఏడాది గానీ 23కి పోలేదు. కరోనా వచ్చి పిల్లలు లాప్‌టాప్‌లు ఎత్తుకుని ఇళ్ళకొచ్చేశారు, మీవాడు కూడా అప్పుడు అనంతపురం నుంచే పని చేసి ఉంటాడు. బాడుగలు ఆగిపోలేదు గానీ, అగ్రిమెంటు అయిపోయిన కంపెనీలు అంతస్తులు వదిలేశాయి, ఐటీ ఎస్‌ఈజెడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) భవనాల్లో కొత్తగా చేరే కంపెనీలకి పన్ను రాయితీ 2020తో అయిపోవడంతో అవి ఇంకా ఇబ్బంది పడ్డాయి, 2023 చివర్లో రూల్ మార్చి అంతస్తుల వారీగా ఎస్‌ఈజెడ్ నుంచి బయటికి తీసుకురావచ్చు అన్నాకే కొంచెం తేరుకున్నాయి. అదే సమయంలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకి తను అప్పిచ్చే వడ్డీ, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య 4 నుంచి ఆరున్నరకి పెంచింది, రీట్ల అప్పుల వడ్డీలూ పెరిగాయి. ఈ నాలుగేళ్ళలో మీ ఇంట్లో కందిపప్పు, నూనె, మందుల బిల్లు అక్కడే ఆగాయా? ఆగలేదు కదా. అందుకే జీవితకాలం ఆదాయం అన్నవాళ్ళకి నేను పదే పదే చెప్పేది, ఈ ఏడాది ఎంత శాతం ఇస్తోంది అని కాదు, యూనిట్‌కి ఇచ్చేది ఐదేళ్ళలో పెరిగిందా అని చూడండి. మొత్తం పంపిణీ ఇన్ని కోట్లు అని పత్రికల్లో వేస్తారు, అది పట్టించుకోకండి. రీట్లు కొత్త భవనాలు కొనడానికి కొత్త యూనిట్లు జారీ చేస్తుంటాయి, కుండలో అన్నం పెరిగినా విస్తళ్ళు అంతకంటే ఎక్కువ పెరిగితే మన విస్తట్లోకి వచ్చేది తగ్గుతుంది.

పెరుగుతుందా లేదా అనేది అగ్రిమెంట్లలో ఉంటుంది. ఆఫీసు బాడుగలు మామూలుగా మూడేళ్ళకోసారి 15 శాతం దాకా పెంచేలా రాసుకుంటారు, అది బలం. ఫలితాల్లో "సగటు లీజు మిగులు ఏడేళ్ళు" అని గర్వంగా వేస్తారు, దాన్ని పూర్తిగా నమ్మి నిద్రపోకండి. మన దేశంలో ఎక్కువ లీజుల్లో మొదటి మూడు నుంచి ఐదేళ్ళే లాక్-ఇన్, అంటే వదిలి వెళ్ళకూడని కాలం, తర్వాత కంపెనీ నోటీసిచ్చి వెళ్ళిపోవచ్చు, భవనం ఓనరు మాత్రం వాళ్ళని పంపించలేడు. మా జిరాక్స్ అతను పదకొండేళ్ళు ఉన్నా, నెల రోజుల నోటీసుతో వెళ్ళాడు కదా, అదే ఇక్కడా. కాబట్టి వచ్చే రెండేళ్ళలో ఎంత స్థలం అగ్రిమెంటు తీరుతోంది, మొదటి పది కంపెనీల నుంచే బాడుగలో ఎంత వస్తోంది, ఖాళీ ఎంత అనేవి చూడండి. ఆక్యుపెన్సీ, అంటే ఎంత శాతం స్థలం నిండింది అనే అంకె దగ్గర కూడా ఒక మెలిక ఉంది, సంతకాలు అయిపోయి ఇంకా బాడుగ మొదలవ్వని స్థలాన్ని కూడా నిండినట్టే వేస్తారు. ఇంటీరియర్ చేసుకోడానికి కొన్ని నెలలు బాడుగ లేకుండా ఇస్తారు మరి.

అప్పు విషయానికొస్తే, రూల్ 49 శాతం దాకా ఒప్పుకున్నా నాకు మూడో వంతు దాటితే మనసొప్పదు. ఊరు విషయంలో ఒక్క మాట. ఎంబసీ ఆస్తుల్లో పెద్ద భాగం బెంగళూరులోనే ఉంది. మీ అబ్బాయి జీతం బెంగళూరు ఐటీ మీదే, రేపు మీ ఆదాయం కూడా అదే బెంగళూరు ఐటీ మీద ఆధారపడితే, ఐటీకి జ్వరమొస్తే ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి వస్తుంది. అందుకని వాడి ఆఫీసున్న రీట్ ఒక్కటే కొనకుండా ముంబై, హైదరాబాద్, పూణే ఉన్నదీ, మాల్స్ ఉన్నదీ కలిపి తీసుకోండి.

పన్ను సంగతి. వడ్డీ భాగానికి మీ శ్లాబు ప్రకారం పన్ను. డివిడెండ్ భాగం, ఆ భవనం కంపెనీ తక్కువ పన్ను పద్ధతిలోకి మారకపోతే మీకు పన్ను లేదు, మారితే ఉంది, కాగితంలో రెండూ విడిగా రాస్తారు. పన్ను పడే భాగం మీద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు, మీకు అంత పన్ను లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఏడాది దాటాక అమ్మితే లాభం మీద పన్నెండున్నర శాతం, షేర్లూ ఈక్విటీ ఫండ్లూ వీటన్నిటి లాభం కలిపి ఏడాదిలో 1.25 లక్షల దాకా పన్ను లేదు.

మీ 30 లక్షలకి నేనైతే ఇలా చేస్తాను. పెన్షన్ ఉంది కాబట్టి నెలఖర్చు గండం లేదు, అది పెద్ద అదృష్టం. సగానికి పైగా సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టండి, 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీ 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి కేంద్రం సమీక్షిస్తుంది, మీరు చేరే రోజున్న రేటు ఐదేళ్ళూ కదలదు. పోస్టాఫీసులో చేరొచ్చు. ఆస్పత్రి ఖర్చుకని నాలుగైదు లక్షలు ఎఫ్‌డీలో. రీట్లకి ఐదారు లక్షలు, అది కూడా ఒక్కసారి కాదు, ఏడాదిన్నర పాటు మూడు నెలలకోసారి. గది మీంచి మనసు మళ్ళకపోతే ఇంకో చిన్నదేదైనా చూడండి గానీ, ఉన్నదంతా ఊడ్చి మాత్రం వద్దు సార్. మొదటి పంపిణీ కాగితం వచ్చాక దాన్ని నాకు పంపండి, లైను లైనూ కలిసి చూద్దాం.

ప్రశ్న: మాది కర్నూలు. మాకు తెలిసినాయన ఒకరు హైదరాబాద్‌లో ఆఫీసు బిల్డింగులో ముక్కలు అమ్ముతున్నారు, 10 లక్షలు కడితే ఏడాదికి 9 శాతం గ్యారంటీ బాడుగ, ఇదీ రీటే అంటున్నాడు. రూపాయి వడ్డీకి బయట ఇస్తే 12 శాతం వస్తుంది గానీ వసూలు చేయలేక విసిగిపోయాను, ఇందులో పెట్టనా?

జవాబు: గ్యారంటీ అన్నాడు కదా, అక్కడే ఆగండి. ఏ రీటూ బాడుగ గ్యారంటీ ఇవ్వదు, ఇవ్వలేదు కూడా, కిరాయిదారు వెళ్ళిపోతే ఆ డబ్బు ఎవరు తెస్తారు? చిన్న రీట్లు అనేవి నిజంగానే ఉన్నాయి, సెబీ 2024 మార్చిలో వాటికి రూల్స్ తెచ్చింది. ఆస్తి విలువ 50 కోట్ల నుంచి 500 కోట్ల మధ్య, కనీస పెట్టుబడి 10 లక్షలు, కనీసం 200 మంది ఇన్వెస్టర్లు, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టవ్వాలి. బెంగళూరులో ఒక ఆఫీసు భవనంతో మొదటిది 2024 డిసెంబర్‌లో లిస్టయింది, ప్రాప్‌షేర్ ప్లాటినా. మీ పెద్దమనిషి చెప్పేది అలాంటిదే అయితే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అదే నంబరు సెబీ వెబ్‌సైట్లో మీరే వెతకండి, ఆయన ఫోనులో చూపించే ఫొటో చాలదు. డబ్బు ఆయన ఖాతాలోకో ఆయన చెప్పిన కంపెనీ ఖాతాలోకో పంపమన్నా, కొంత క్యాష్ ఇవ్వమన్నా, యూనిట్లు మీ డీమ్యాట్‌లోకి (షేర్లు, యూనిట్లు కాగితం లేకుండా దాచుకునే ఖాతా) కాకుండా ఒక అగ్రిమెంటు కాగితం ఇస్తామన్నా అది రీట్ కాదు. డిపాజిట్లు కట్టించుకుని బోర్డు తిప్పేసిన కంపెనీల వల్ల మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు చితికిపోయాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మా పిన్ని కూతురు పెళ్ళికి దాచిన డబ్బు అలాగే పోయింది, ఇప్పటికీ ఆ బాండు కాగితాలు బీరువాలో చీరల కింద దాచుకుని ఉంది.

రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉన్నా, మీకిది సరిపడదనే నా అభిప్రాయం. ఒకే భవనం, కొన్నిటిలో ఒకరిద్దరే కిరాయిదారులు. వసూలు కష్టమని బయటి వడ్డీ వదిలేస్తున్నవారు, అవసరానికి అమ్ముదామంటే కొనేవాళ్ళు దొరక్క ఆగిపోయే చోట మళ్ళీ 10 లక్షలు పెట్టడం ఎందుకు? పెద్ద రీట్లలో రోజూ కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఉంటారు, సోమవారం అమ్మితే రెండు మూడు రోజుల్లో డబ్బు మీ ఖాతాలో పడుతుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరులో చీరల వ్యాపారం మాది. నెలకు మూడు వేలు పక్కన పెట్టగలను. చీటీ, బంగారం తప్ప ఏమీ తెలీదు. రీట్‌లో అంత చిన్న మొత్తం పెట్టనిస్తారా? మా ఆయనకి ఇవేవీ తెలియవు.

జవాబు: పెట్టనిస్తారమ్మా. మొదట్లో కనీసం రెండు లక్షలు ఉండాలనేవారు, 2019లో 50 వేలకి దించారు, 2021 నుంచి మార్కెట్లో ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు. డీమ్యాట్ ఖాతా ఉంటే చాలు. మీ మూడు వేలకి కొన్ని యూనిట్లు వస్తాయి, నెలనెలా కొంటూ పోండి, వచ్చే పంపిణీ డబ్బుతో ఇంకో యూనిట్ కొనండి. బంగారం బాడుగ ఇవ్వదు, ఇది ఇస్తుంది, కానీ పిల్లల పెళ్ళికి పెట్టుకున్న బంగారం మాత్రం దీనికోసం కదిలించకండి. ఏడెనిమిదేళ్ళు ముట్టుకోని డబ్బు అయితేనే ఇందులోకి తేవాలి.

ఖాతా తెరిచిన రోజే నామినీగా మీ ఆయన పేరు రాయండి, చాలామంది తర్వాత చూద్దామని వదిలేస్తారు. ఆ నంబర్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, మీ చీటీ పుస్తకం పెట్టే చోటే పెట్టండి, అది ఎక్కడుందో మీ ఆయనకి ఎలాగూ తెలుసు.